ఇంటి రక్షణకు రివాల్వర్: మీ ప్రశ్నలు, ఆర్మరర్ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి. ఇంటి రక్షణకు రివాల్వర్ కొనాలనుకుంటున్నాం, ఏది మంచిది అని. సంపాదకులు ఆ కట్టంతా నా ముందు పెట్టి "మీరే తేల్చండి" అన్నారు. పోలీసు ఆయుధాగారంలో తుపాకులు విప్పడం, బాగుచేయడం, కొత్తగా చేరినవాళ్ళ చేత కాల్పించడం, నా ఉద్యోగమంతా ఇదే. అందుకే తుపాకీ అంటే నాకు మోజూ లేదు, భయమూ లేదు. లైసెన్స్ ఎవరికిస్తారు, ఏ కాలిబర్‌కి, అంటే ఏ సైజు తూటాకి అనుమతి ఉంది, ఇంట్లో ఎలా భద్రపరచాలి అనేవి ఎక్కడి చట్టం అక్కడిది. ముందు అవి కనుక్కోండి. లైసెన్స్ చేతికి రాకముందే మోడల్ ఎంచుకుని కూర్చోవద్దు.

ప్రశ్న: ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. నాకు అరవై దాటాయి, మా ఆవిడకు మణికట్టు నొప్పి. మా అబ్బాయి ".357 మాగ్నమ్ తీసుకో నాన్నా, ఒక్కటి తగిలితే చాలు" అంటున్నాడు. దుకాణంలో మాత్రం "అమ్మగారికి తేలిగ్గా ఉంటుంది" అంటూ అరచేతిలో ఇమిడిపోయే చిన్న రివాల్వర్ చూపించారు. ఎవరి మాట వినమంటారు?
— రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ఇద్దరి మాటా వద్దు సార్.

ముందు దుకాణం సంగతి. ఆడవాళ్ళకు తేలికైన తుపాకీ ఇవ్వాలనే మాట ఎవరు పుట్టించారో గానీ, దాని వల్ల ఎంతమంది ఒక్కసారి పేల్చి మళ్ళీ ముట్టుకోకుండా ఉండిపోయారో. తూటా ముందుకు వెళ్తుంటే తుపాకీ వెనక్కి వస్తుంది. తేలికైన పడవలోంచి గట్టు మీదికి దూకితే పడవే వెనక్కి జరిగిపోతుంది కదా, అదే లెక్క. ఒకే తూటాకి, తుపాకీ బరువు సగమైతే అది వెనక్కి తన్నే వేగం రెట్టింపు. నాలుగు అంగుళాల బ్యారెల్ ఉన్న మధ్యస్థ సైజు ఉక్కు రివాల్వర్ దాదాపు కిలో ఉంటుంది. మీకు చూపించిన అల్యూమినియం రకాలు సుమారు 400 గ్రాములు. జేబులో పెట్టుకు తిరగడానికి హాయి. పేల్చినప్పుడు మాత్రం ఆ దెబ్బంతా బొటనవేలి మొదలు మీదుగా మణికట్టుకి, సరిగ్గా మీ ఆవిడకు నొప్పి ఉన్నచోటే తగులుతుంది. పైగా అరచేతిలో ఇమిడేదానికి పిడి కూడా పొట్టిగా ఉంటుంది, చిటికెన వేలికి చోటుండదు. అలాంటి తుపాకీ అనుభవం ఉన్నవాళ్ళకి గానీ లొంగదు. కొత్తవాళ్ళ చేతికి అది ఇవ్వడం నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

ఇక మీ అబ్బాయి మాట. .357 మాగ్నమ్ 1935 ప్రాంతంలో వచ్చిన గట్టి తూటా, కాదనను. కానీ అది గదిలో పేలితే ఏమవుతుందో చూసినవాళ్ళు తక్కువ. చీకట్లో ఆ మంటకి కాసేపు కళ్ళు బైర్లు కమ్ముతాయి. ఏ రివాల్వర్ చప్పుడైనా 150 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటితేనే చెవికి శాశ్వతంగా దెబ్బ తగలొచ్చంటారు డాక్టర్లు. నాలుగు గోడల మధ్య మాగ్నమ్ అయితే చెప్పనక్కర్లేదు. మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో చెవుల్లో ఇంత దూది కుక్కుకుని కాల్చేవాళ్ళం. దాని ఫలితంగా నా కుడి చెవిలో ఈల ఇప్పటికీ ఆగలేదు.

నా సలహా .38 స్పెషల్. 1898 నుంచి ఉన్న తూటా ఇది. ఎన్నో దేశాల పోలీసులు దశాబ్దాల తరబడి వాడారు. దెబ్బ చాలు, తన్ను భరించగలం, గురి తప్పినా రెండో గుండు వెంటనే పేల్చగలం. దీనికో వెసులుబాటు ఉంది. .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటాలు వేసుకోవచ్చు. ఆ రివాల్వర్ మరింత గట్టిగా, కాస్త బరువుగా కడతారు కాబట్టి .38 అందులో ఇంకా మెత్తగా పేలుతుంది. అబ్బాయి మాట నిలబెట్టినట్టూ ఉంటుంది, అమ్మగారి మణికట్టు కాపాడినట్టూ ఉంటుంది. తిరగేసి మాత్రం చేయకూడదు. మాగ్నమ్ కేసు, అంటే మందు ఉండే లోహపు గొట్టం, మూడు మిల్లీమీటర్లు పొడవెక్కువ పెట్టిందే .38 రివాల్వర్‌లో దిగకూడదని. దాని ఒత్తిడి దాదాపు రెట్టింపు. అరిగిన పాత తుపాకుల్లో ఎవరైనా నొక్కి ఎక్కించే ప్రయత్నం చేస్తే వేళ్ళు పోతాయి.

బ్యారెల్ నాలుగు అంగుళాలు తీసుకోండి. పొట్టి బ్యారెల్ ఉన్నది దాచుకుని తిరిగేవాళ్ళ కోసం. మీ ఇంట్లో మీరు ఎవరి దగ్గర దాచాలి? పొడవు బ్యారెల్ మీద గురి చూసే గుర్తులకి, అంటే ముందు సైటుకీ వెనక సైటుకీ, మధ్య దూరం ఎక్కువ కాబట్టి గురి బాగా కుదురుతుంది, మంటా తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది ట్రిగ్గర్. హ్యామర్, అంటే తూటాని పేల్చే సుత్తి, ముందే వెనక్కి లాగకుండా పేలిస్తే, రివాల్వర్‌లో ఆ ఒక్క ట్రిగ్గరే తూటాలు నింపిన సిలిండర్‌ని తిప్పాలి, హ్యామర్‌ని వెనక్కి లాగాలి, చివర వదిలేయాలి. అందుకే అది బరువుగా ఉంటుంది. మామూలుగా నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోల లాగుడు. ఒక్క చూపుడు వేలితో, మిగతా చెయ్యి కదలకుండా లాగాలి. మాగ్నమా, స్పెషలా అని అందరూ కొట్టుకుంటారు గానీ, ఇంట్లో బలహీనమైన చెయ్యి ఈ ట్రిగ్గర్ లాగగలదా లేదా అని అడిగేవాళ్ళే కనబడరు.

దుకాణానికి మీ ఆవిడను తీసుకెళ్ళండి. రివాల్వర్ ఖాళీగా ఉందో లేదో దుకాణందారు చూడాలి, మీరూ సిలిండర్ తెరిచి ఒక్కో రంధ్రంలోకి చూడాలి, వేలు పెట్టి తడమాలి. ట్రిగ్గర్ లాగి చూస్తామని అడిగి, వాళ్ళు సరేనన్నాక, అవతల మనుషులెవరూ లేని గట్టి గోడ వైపు పెట్టమనండి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉన్న వంపు పిడి మీద వీలైనంత పైకి ఆనాలి. బ్యారెల్ ముంజేతికి తిన్నగా ఉండాలి. ఇప్పుడు తుపాకీని చేతిలో తిప్పకుండానే చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి రావాలి. అందడానికి చెయ్యి పక్కకు జరపాల్సి వస్తే ఆ సైజు ఆమెది కాదు. అందితే, ముందు సైటు వెనకాల బ్యారెల్ మీద ఒక నాణెం ఆగుతుందేమో చూసి పడుకోబెట్టి, నెమ్మదిగా లాగమనండి. హ్యామర్ పడ్డాక నాణెం అక్కడే ఉంటే శుభం. వరసగా ఆరుసార్లు లాగగలిగితే అదే మీ ఇంటి రివాల్వర్. రెండోసారికే రెండు చేతుల వేళ్ళూ ట్రిగ్గర్ మీదికి వస్తుంటే వేరేది చూడండి. కొన్నిటికి పిడి మారిస్తే సరిపోతుంది, తుపాకీ పిడి వెనక వైపు కూడా కప్పే మెత్తటి రబ్బరు పిడి మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకి మంచిది. ట్రిగ్గర్ నునుపు చేసే నిపుణులూ ఉంటారు. స్ప్రింగు కోసి తేలిక చేస్తానంటే మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి. హ్యామర్ దెబ్బ తగ్గి, అవసరమైన రోజున 'టక్' అని ఊరుకుంటుంది.

అన్నీ ప్రయత్నించినా ఆమె వేలు లాగలేకపోతే .32 కాలిబర్ మెత్తటి రకాలున్నాయి. కానీ తన్ను తగ్గినంత మాత్రాన ట్రిగ్గర్ తేలికవుతుందని అనుకోవద్దు, అది వేరు, ఇది వేరు.

పేర్లు చెప్పకపోతే మళ్ళీ ఉత్తరం రాస్తారు కాబట్టి: స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10, దాని స్టెయిన్‌లెస్ రూపం మోడల్ 64, మాగ్నమ్‌లో రూగర్ జీపీ100. ఇవి మధ్యస్థ సైజు ఎలా ఉండాలో తెలుసుకోవడానికి చెప్పాను. మీకు దొరికేది వేరే కంపెనీదైనా కొలత ఇదే పెట్టుకోండి.

ప్రశ్న: ఈ రోజుల్లో అందరూ పిస్టల్ అంటున్నారు. పదిహేను తూటాలు పడతాయి. ఇంకా రివాల్వర్ పట్టుకు వేలాడటం ఎందుకండీ?
— కాలేజీ లెక్చరర్

జవాబు: వారం వారం సాధన చేసే మనిషైతే పిస్టల్ తీసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేను రివాల్వర్ చెప్పేది ఏడాదికి రెండుసార్లు కాల్పుల సాధన చేసే రేంజ్‌కి వెళ్ళేవాళ్ళకి. తూటా పేలలేదనుకోండి, పిస్టల్‌లో పైభాగం, అంటే స్లైడ్ లాగి, పేలనిది బయటికి తోసి, కొత్తది ఎక్కించాలి. నిద్రమత్తులో, చేతులు వణుకుతుంటే, చీకట్లో ఇదంతా జరగాలి. రివాల్వర్‌లో ట్రిగ్గర్ మళ్ళీ లాగితే సిలిండర్‌లో పక్క గది, అంటే పక్క తూటా ఉన్న రంధ్రం, ముందుకొస్తుంది. చెయ్యి సడలితే కొన్ని పిస్టళ్ళు సరిగ్గా తిరిగి లోడ్ కావు, రివాల్వర్‌కి ఆ పట్టింపు లేదు. హ్యామర్ దించి ఉన్నంత కాలం దాని మెయిన్ స్ప్రింగు మీద పెద్ద భారం ఉండదు, లోడ్ చేసి ఎన్నాళ్ళు పెట్టినా అలిసిపోదు. నిండుగా ఉందా ఖాళీగా ఉందా అన్నది సిలిండర్ తెరిస్తే కళ్ళకి కనబడుతుంది. పిస్టల్‌లో మ్యాగజైన్, అంటే తూటాల పెట్టె తీసేసి ఖాళీ అనుకుని, బ్యారెల్‌లో మిగిలిన ఒక్క తూటాతో జరిగిన ప్రమాదాలు మా ఫైళ్ళలో బోలెడు.

రివాల్వర్ అసలు ఆగదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఆగితే మొండిగా ఆగుతుంది, చేత్తో కొట్టి సరిచేసేది కాదు. ఖాళీ కేసులు తోసే నక్షత్రం లాంటి ముక్క కింద నాలుగు మందు రేణువులు చేరినా సిలిండర్ బిగిసిపోతుంది. అందుకే ఖాళీ చేసేటప్పుడు మూతి పైకి పెట్టి, ఆ నక్షత్రాన్ని తోసే రాడ్‌ని ఒక్క దెబ్బలో పూర్తిగా నొక్కాలి, కొత్తవి వేసేటప్పుడు మూతి కిందికి పెట్టాలి. ఇంకొకటి, పేల్చినప్పుడు 'టప్' అని నీరసంగా చప్పుడొచ్చి తన్ను లేకపోతే ఆపేయండి. తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. వెనకే మరొకటి పేలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, లేదా పగులుతుంది.

ప్రశ్న: ఆరు తూటాలు అయిపోతే?
— పేరు రాయలేదు

జవాబు: అయిపోతాయి. స్పీడ్‌లోడర్ ఒకటి నింపి పక్కన పెట్టుకోండి. ఆరింటినీ ఒకేసారి దించుతుంది. కానీ మీరు తలుపేసుకుని, ఫోన్‌లో పోలీసులతో మాట్లాడుతూ ఉంటే ఆ ఆరూ కూడా అవసరం పడకూడదు. దీని గురించి కింద ఇంకో ఉత్తరంలో రాశాను.

ప్రశ్న: మా నాన్నగారు పోయాక ఆయన రివాల్వర్ చట్టప్రకారం నా పేరు మీదికి మారింది. బ్యారెల్ మీద .38 అని ఉంది. బీరువాలో తోలు కవర్లో, పాత తూటాల డబ్బాతో సహా భద్రంగా ఉంది. కొత్తది కొనకుండా దాన్నే వాడొచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: వాడొచ్చేమో అమ్మా, కానీ ఆర్మరర్‌కి చూపించే దాకా ఒక్క గుండు కూడా పేల్చకండి.

మొదట ఆ '.38' అన్న మాట తర్వాత ఏముందో భూతద్దం పెట్టి చదవండి. .38 స్పెషల్ వేరు, .38 స్మిత్ అండ్ వెసన్ అనే పాత తూటా వేరు. రెండోది పొట్టి, కాస్త లావు. బ్రిటిష్ సైన్యం ఎన్‌ఫీల్డ్ నంబర్ 2, వెబ్లీ మార్క్ 4 రివాల్వర్లలో వాడింది ఆ కుటుంబానికి చెందినదే. అది పొడవైన .38 స్పెషల్‌కి కట్టినది కాదు. దుకాణంలో "థర్టీ ఎయిట్ ఇవ్వండి" అంటే ఏదిస్తారో వాళ్ళ ఓపిక. తుపాకీ మీద ఉన్న పూర్తి పేరూ, తూటా కేసు అడుగున ఉన్న పూర్తి పేరూ అక్షరం అక్షరం కలవాలి.

తోలు కవర్లోంచి ఇవాళే బయటికి తీయండి. మోసుకెళ్ళడానికి తోలు మంచిదే గానీ, నిల్వ ఉంచడానికి కాదు. తేమ పట్టి ఉంచుతుంది, తోలు పదును చేయడానికి వాడిన రసాయనాలు లోహాన్ని తింటాయి. బయటికి బాగానే కనబడే రివాల్వర్‌కి, కవర్‌ని ఆనుకున్న వైపు తిప్పితే తుప్పు చుక్కలు ఉంటాయి. పాత తూటాలు కూడా వద్దు. పచ్చగా చిలుము పట్టినవి, నూనె అంటినవి అసలే వద్దు. చెత్తబుట్టలో పడేయకుండా మీ ప్రాంతపు పోలీసులనో లైసెన్స్ ఉన్న డీలర్‌నో అడిగి అప్పగించండి.

ఆర్మరర్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు పక్కనే నిలబడి చూడండి, నేర్చుకోవచ్చు. ఖాళీ రివాల్వర్ సిలిండర్ మీద వేలితో కొంచెం ఒత్తిడి పెట్టి, హ్యామర్‌ని బొటనవేలితో నెమ్మదిగా, వెంట్రుక వెంట్రుకగా వెనక్కి లాగుతాడు. హ్యామర్ చివరికి చేరి ఆగేలోపే సిలిండర్ 'క్లిక్' అని తాళం పడాలి. హ్యామర్ ఆగాక కూడా సిలిండర్ ఇంకా తిరగాల్సి ఉంటే టైమింగ్ పోయినట్టే. అంటే గదికీ బ్యారెల్‌కీ వరస కలవకుండా తూటా పేలుతుంది, అంచు తగిలి సీసం ముక్కలు పక్కలకి చిమ్ముతాయి. ఆరు గదులకీ ఆరుసార్లు ఈ పరీక్ష చేయాలి. ఐదు బాగుండి ఒకటే పోయినవి చాలా చూశాను. తర్వాత సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ ఊపి చూస్తాడు. సిలిండర్ ముఖానికీ బ్యారెల్ మొదలుకీ మధ్య సందులో సన్నటి రేకులు పెట్టి కొలుస్తాడు. 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటే మంచి ఆరోగ్యం. పేలినప్పుడు ఆ సందులోంచి మండే వాయువు కత్తిలా పక్కలకి వస్తుంది. అందుకే రివాల్వర్ పట్టుకునేటప్పుడు ఎడమ చేతి వేళ్ళు సిలిండర్ ముందుకి వెళ్ళకూడదు.

చివరగా ఒక ప్రశ్న అడగండి: హ్యామర్ మీద దెబ్బ పడితే తూటా పేలకుండా అడ్డుపడే ఏర్పాటు ఇందులో ఉందా? ఇప్పటి రివాల్వర్లలో ట్రాన్స్‌ఫర్ బార్ గానీ హ్యామర్ బ్లాక్ గానీ ఉంటుంది. ట్రిగ్గర్ పూర్తిగా లాగితే తప్ప హ్యామర్ దెబ్బ తూటా వెనక మందు అంటించే ప్రైమర్‌కి చేరదు. చాలా పాతవాటిలో అది లేదు, చేయి జారి నేలమీద పడ్డా పేలతాయి. అలాంటిదైతే దాన్ని నాన్నగారి గుర్తుగా దాచుకోండి. రక్షణకి వాడొద్దు.

ప్రశ్న: అర్ధరాత్రి హాల్లో చప్పుడైంది. చేతిలో రివాల్వర్ ఉంది. బయటికి వెళ్ళి చూడాలా, లోపలే ఉండాలా? గోడ అవతల పిల్లలు పడుకుంటారు. తూటా గోడ దాటుతుందా?
— చిన్న వ్యాపారి

జవాబు: వెళ్ళకండి. ఇంట్లో వాళ్ళందరూ ఒక గదిలోకి చేరి, తలుపు గడియ వేసుకుని, పోలీసులకు ఫోన్ చేసి, "తుపాకీ ఉంది, పోలీసులు వస్తున్నారు" అని గట్టిగా అరవండి. వచ్చినవాడు సామాను కోసం వస్తే పారిపోతాడు, సామాను పోతే పోనివ్వండి. పోలీసులు వచ్చేసరికి తుపాకీ మీ చేతిలో ఉండకూడదు, ఎవరు ఇంటివాళ్ళో వాళ్ళకేం తెలుస్తుంది?

చీకట్లో వెతుక్కుంటూ వెళ్ళేవాడి ఎదురుగా వచ్చేది చాలాసార్లు మంచినీళ్ళకి లేచిన సొంతమనిషే. అందుకే రివాల్వర్‌తో పాటు టార్చ్ ఉండాలి. తుపాకీ కొనడానికి వెనకాడనివాళ్ళు టార్చ్‌కి బ్యాటరీలు వేయరు, అదేమిటో! ముఖం గుర్తుపట్టే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు, ట్రిగ్గర్ పైన తుపాకీ ఫ్రేమ్ మీద తిన్నగా చాచి ఉండాలి.

గోడ సంగతి: పలకలతో కట్టిన లోపలి గోడలనీ, తలుపులనీ ఏ రివాల్వర్ తూటా అయినా దాటుతుంది. ఇటుక గోడ ఆపొచ్చు, కానీ కిటికీకీ గుమ్మానికీ ఇటుక ఉండదు. హాలో పాయింట్ తూటా మొన దగ్గర గుంటతో ఉంటుంది, ఒంట్లో దిగాక విచ్చుకుని వేగం తగ్గుతుంది. నిండు లోహపు తొడుగు ఉన్నదానికంటే మనిషిని దాటిపోయే ప్రమాదం తక్కువ. చట్టం ఒప్పుకున్న చోట అది మేలు. అయితే గురి తప్పిన హాలో పాయింట్ కూడా పలక గోడని దాటుతుంది. కాబట్టి పగలే ఇల్లంతా ఒకసారి తిరగండి. మీ పడగ్గది తలుపు వైపు నిలబడితే దాని వెనక ఎవరు పడుకుంటారో చూడండి. పిల్లల మంచం ఆ గీతలో ఉంటే మంచం జరపండి. అది డబ్బు ఖర్చు లేని పని.

ప్రశ్న: ఇంట్లో మూడేళ్ళ బాబు, పదేళ్ళ పాప. రివాల్వర్ బీరువా పైన, బట్టల వెనకాల పెడతాను. పిల్లలకి తెలియదు. లోడ్ చేసే ఉంచుతాను, లేకపోతే ప్రయోజనం ఏముంది?
— ఒక తండ్రి

జవాబు: పిల్లలకి తెలుసు బాబూ. మీరు పుట్టినరోజు కానుక ఎక్కడ దాచారో కనిపెట్టిన పిల్లలు ఇది కనిపెట్టలేరా?

ట్రిగ్గర్ ఐదు కిలోలు కదా, మూడేళ్ళవాడు ఏం లాగుతాడు అనుకోకండి. చిన్నపిల్లలు తుపాకీని మనలా పట్టుకోరు. తమ వైపు తిప్పుకుని, పిడిని నాలుగు వేళ్ళతో చుట్టి, రెండు బొటనవేళ్ళతో ట్రిగ్గర్ నెడతారు. ఆ నెట్టుడుకి బలం సరిపోతుంది. ఆ పొజిషన్‌లో మూతి ఎటు చూస్తుందో నేను రాయను. ఇక పదేళ్ళ పాప సినిమాలో చూసినట్టు హ్యామర్ వెనక్కి లాగిందంటే ట్రిగ్గర్ కిలోన్నర, రెండు కిలోలకే కదులుతుంది.

పరుపు కింద, దిండు కింద, బీరువా పైన, ఇవేవీ భద్రత కాదు. నేలకో గోడకో బోల్టులతో బిగించిన చిన్న ఉక్కు పెట్టె కొనండి. చీకట్లో వేళ్ళతో తడిమి నొక్కే బటన్లున్న మెకానికల్ తాళం నాకు ఇష్టం, దానికి బ్యాటరీ గోల లేదు. వేలిముద్ర తాళాలు చెయ్యి తడిగా ఉంటే మొరాయిస్తాయి. కళ్ళు మూసుకుని రోజుకోసారి తెరవడం సాధన చేయండి. కొన్ని రోజులకి వేళ్ళే తెరుస్తాయి. లోడ్ చేసి ఉంచాలన్న మీ పట్టు అలాంటి పెట్టెలో అయితేనే, అదీ మీ చట్టం ఒప్పుకుంటేనే. పెట్టె కొనే దాకా తూటాలు వేరుగా, వేరే తాళంలో పెట్టండి. సిలిండర్ తెరిచి, ఆ ఖాళీ కిటికీలోంచి కేబుల్ తాళం దూర్చి బిగిస్తే సిలిండర్ మూతపడదు, తుపాకీ పేలదు. రివాల్వర్‌కి ఉన్న సుళువుల్లో ఇదొకటి. తాళంచెవి దేవుడి పటం వెనక పెట్టొద్దు.

పాపకి మాత్రం చెప్పండి. ఇక్కడైనా, స్నేహితుల ఇంట్లో అయినా తుపాకీ కనబడితే ముట్టుకోకుండా, అక్కడ నిలబడకుండా వచ్చి పెద్దవాళ్ళకి చెప్పాలని. చెప్పాం కదా అని పెట్టె మానేయకండి. పిల్లలు చెప్పింది తలాడిస్తూ వింటారు, ఒంటరిగా ఉన్నప్పుడు ముట్టుకుంటారు.

ప్రశ్న: మావారి ఉద్యోగం పోయింది. రాత్రిళ్ళు నిద్రపోరు, ఎవరితో మాట్లాడరు. ఈమధ్య ఉన్నట్టుండి, ఇంటికి రక్షణ కావాలి, రివాల్వర్ కొంటానంటున్నారు. ఏ రకం మంచిదో రాస్తే ఆయనకి చూపిస్తాను.
— పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: ఏ రకమూ వద్దమ్మా. ఇప్పుడు వద్దు. ఆయనకి చూపించాల్సింది ఈ పేజీ కాదు, ఆయనను ఒక డాక్టర్‌కి చూపించాలి.

భయపెట్టాలని కాదు. మీ ఉత్తరంలో నిద్ర, మౌనం, హఠాత్తుగా తుపాకీ, మూడూ ఒకే పేరాలో ఉన్నాయి. కాలిఫోర్నియాలో రెండున్నర కోట్లకు పైగా మందిని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనం ఒకటి 2020లో వైద్య పత్రికలో వచ్చింది. చేతి తుపాకీ ఉన్న మగవాళ్ళలో తుపాకీతో ఆత్మహత్య, లేనివాళ్ళతో పోలిస్తే దాదాపు 8 రెట్లు ఎక్కువని తేలింది. ఆడవాళ్ళలో అంతకంటే చాలా ఎక్కువ. ఆ ఆలోచన చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది, దాటితే దాటిపోతుంది. బతికి బయటపడినవాళ్ళలో ఎక్కువమంది తర్వాత ఆ దారిన పోరు. కానీ తుపాకీ రెండో అవకాశం ఇచ్చేది చాలా అరుదు.

"మిమ్మల్ని మీరు ఏమైనా చేసుకోవాలని అనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఔనంటే ఒంటరిగా వదలకండి, వెంటనే డాక్టర్‌కో, మీ ప్రాంతపు హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి. ఇంటి భయం నిజంగానే ఉంటే తలుపుకి మంచి గడియ, బయట లైటు పెట్టించండి. ఇంట్లో ఇప్పటికే తుపాకీ ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే, ఇలాంటి రోజుల్లో దాన్ని చట్టం ఒప్పుకున్న పద్ధతిలో ఇంటి బయట భద్రపరచండి. మనిషి కుదుటపడ్డాక తెచ్చుకోవచ్చు.

ప్రశ్న: సినిమాలో హీరో సిలిండర్ గిర్రున తిప్పి, మణికట్టు విదిలించి 'ఠక్' అని మూస్తాడు. ప్రతిసారీ హ్యామర్ లాగి కాలుస్తాడు. అలా చేస్తే గురి బాగుంటుందా మాస్టారూ?
— డిగ్రీ విద్యార్థి

జవాబు: విదిలించి మూస్తే సిలిండర్‌ని పట్టుకున్న చేయి, అంటే క్రేన్, వంగుతుంది తమ్ముడూ. అలా వంచి తెచ్చిన రివాల్వర్లు సరిచేసీ చేసీ నాకు ఆ హీరోల మీద కక్ష పుట్టింది. అరచేత్తో నెమ్మదిగా నొక్కి మూయాలి.

హ్యామర్ లాగి కాలిస్తే రేంజ్‌లో గురి బాగుంటుంది, నిజమే. ఇంట్లో వద్దు. ఎదుటివాడు చేతులెత్తేశాడనుకో, అప్పుడు వణుకుతున్న బొటనవేలితో, లోడై ఉన్న తుపాకీ హ్యామర్‌ని నెమ్మదిగా దించాలి. వేలు జారితే పేలుతుంది. మొదటి నుంచీ పూర్తి ట్రిగ్గర్ లాగడమే సాధన చేయి. డమ్మీ తూటాలు దొరుకుతాయి. అసలు తూటాలు వేరే గదిలో పెట్టి, రోజూ కాసేపు గట్టి గోడ మీద చుక్కకి గురిపెట్టి లాగు. రేంజ్‌లో డబ్బు తగలేసినంత మాత్రాన రానిది ఇలా వస్తుంది.

ప్రశ్న: ఎంత నూనె వేయాలి?
— పేరు రాయలేదు

జవాబు: మీరు అనుకుంటున్నదాంట్లో పావు వంతు. క్రేన్ తిరిగేచోట ఒక చుక్క, ఖాళీ కేసులు తోసే ఎజెక్టర్ రాడ్‌కి ఒక చుక్క, పైన పల్చగా తుడుపు. సిలిండర్ గదుల్లో నూనె మిగలకూడదు. తూటా వెనక ప్రైమర్‌లోకి ఇంకితే అది చచ్చిపోతుంది. మాగ్నమ్ రివాల్వర్‌లో .38 కాలిస్తే గదుల లోపల ఒక మసి వలయం కడుతుంది, దాన్ని బ్రష్‌తో గీకండి. నక్షత్రం కింద పాత టూత్‌బ్రష్‌తో తుడవండి. మొదలుపెట్టే ముందు తూటాలు బల్ల మీంచి కాదు, మీరు కూర్చున్న గదిలోంచే తీసేయండి. అయ్యాక సబ్బు, చల్లటి నీళ్ళతో చేతులు కడుక్కోండి, మసిలో సీసం ఉంటుంది. ఆ గుడ్డలు పిల్లల బట్టలతో కలిపి ఉతకవద్దు.